దుర్గమ్మ ఇరవై గంటలు

ఊరోళ్ళ ఏడుపును గోండీలోంచి తెలుగులోకి, దోర్లీలోంచి హిందీలోకి మార్చి చెప్పడం దుర్గమ్మ ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని.

ఇనుపరాయి తవ్వే కొండ కింద, బస్టాండు వెనకాల రెండు గదుల అద్దె ఇంట్లో ఒక ట్రస్టు వాళ్ళు సలహా కేంద్రం నడిపేవారు. కొండ మీద మూడు షిఫ్టులూ మోత ఆగని రోజులవి. ఇనుపరాయి మోసే డంపర్ బండి బోల్తాపడితే బతికి బయటపడ్డవాళ్ళు, పేలుడు వినబడకపోయినా వినబడిందని ఉలిక్కిపడేవాళ్ళు, అడవి ఊళ్ళలో చూడకూడనివి చూసి నోరు పడిపోయిన ఆడవాళ్ళు అక్కడికి వచ్చేవారు. వినడానికి పై ఊళ్ళ నుంచి చదువుకున్న కౌన్సిలర్లు వచ్చేవారు. చెప్పేవాళ్ళ భాష వినేవాళ్ళకు రాదు. అందుకని ఇద్దరి మధ్య, తలుపు పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద దుర్గమ్మ కూర్చునేది.

ఆమె పుట్టింది తర్లగూడలో. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లీ, సంతలో గోండీ, ఆఫీసుల్లో హిందీ. నాలుగింటిలో ఏది బాగా వచ్చని అడిగితే, "తిట్టడానికైతే గోండీ, బతిమాలడానికి హిందీ" అనేది.

ముగ్గురు కౌన్సిలర్లు వచ్చి, ఎర్రదుమ్ముకు దగ్గి, వెళ్ళిపోయారు. నాలుగోవాడు చక్రధరరావు. గుంటూరు వైపు మనిషి, ముప్పై నాలుగేళ్ళవాడు, చీమకు కూడా దారిచ్చే మర్యాదస్తుడు. వచ్చిన మొదటివారమే ఆయన దుర్గమ్మకు ఒక పాఠం చెప్పాడు.

"దుర్గమ్మగారూ, మీరు 'ఆమె ఏమంటున్నదంటే' అని మొదలుపెట్టకూడదండీ. ఆమె 'నేను' అంటే మీరూ 'నేను' అనే చెప్పాలి. మీరు మధ్యలో లేనట్టే ఉండాలి."

"మధ్యల నేను లేకుంటే మీకెట్ల తెలుస్తది సారు?"

"ఉండాలి, కానీ లేనట్టు ఉండాలి."

"మా ఆయన ఇంట్ల అట్లనే ఉంటడు" అన్నది దుర్గమ్మ. కానీ నేర్చుకున్నది. నేర్చుకున్నాక అదే అలవాటైంది. నేను డంపర్ కింద ఇరుక్కున్న. నాకు కళ్ళు మూస్తే మంటలు కనబడుతయి. నా పిల్లను నేను గుర్తుపట్టలే. రోజుకు ఆరుగురి 'నేను' ఆమె నోట్లోంచి వెళ్ళేది. ఒకసారి ఆమె మొగుడు ఉప్పలయ్య, కాంట్రాక్టు క్యాంటీన్‌లో వంటమనిషి, మధ్యాహ్నం కూర గిన్నె ఇవ్వడానికి వచ్చి కిటికీ అవతల నిలబడ్డాడు. లోపల పెళ్ళాం గొంతు వినబడింది. "నా మొగుడు రోజూ తాగొచ్చి కట్టెతో కొడతడు. వాడు సచ్చినా నేను ఏడ్వ." ఉప్పలయ్య గిన్నె కిందపెట్టి తలుపు తోసుకొని లోపలికి వచ్చాడు. "ఏమే, నేనెప్పుడు కొట్టిన్నే? తాగుడు సరే, కట్టె ఏడ తెచ్చినవే?" అన్నాడు. అసలు దెబ్బలు తిన్న మనిషి, ఇర్మా అనే ఆవిడ, కేంద్రంలో అడుగుపెట్టిన నెలలో మొదటిసారి ఆరోజే నవ్వింది.

దసరా వెళ్ళిన వారానికి రాయపూర్ నుంచి కాగితం వచ్చింది. ఏదో కొత్త మండలి. మనసుకు తగిలిన దెబ్బ మాన్పే ట్రామా థెరపిస్టులందరి పేర్లూ ఒక రిజిస్టర్‌లో ఎక్కిస్తున్నారట. ఏప్రిల్ ఒకటి నుంచి, బాధితుడు ఉన్న గదిలో కూర్చునే ప్రతి మనిషి పేరూ ఆ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. చక్రధరరావు రెండుసార్లు చదివి వినిపించాడు.

"గదిల పిల్లి గూడ కూసుంటది. దానికి ఫారం ఉన్నదా?" అన్నది దుర్గమ్మ.

"నాకు డిగ్రీ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మీకు లేదు. కానీ ఒక దారి ఉందండీ. పదేళ్ళు పైబడిన అనుభవం ఉన్నవాళ్ళు డిగ్రీ లేకపోయినా చేరవచ్చట. మార్చి నెలాఖరు దాకానే. ఆ తర్వాత ఆ దారి మూసేస్తారు."

"తర్జుమా చేసేదాన్ని, థెరపిస్టునెట్లయిత?"

చక్రధరరావు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. ఫారం మీదైనా అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు. "నేను అడిగిన ప్రశ్నలే మీరు వాళ్ళని అడుగుతున్నారా, ఇన్నాళ్ళూ?"

దుర్గమ్మ గోడవైపు చూసింది. "కొన్ని అడుగుత."

"మిగతావి?"

"మీరు అడిగేవి బాగుండవు సారు. మొగుడు పోయినామెను 'ఇప్పుడు మీకు ఎలా అనిపిస్తోంది' అంటరు. నేను 'రాత్రి అన్నం తిన్నవా' అంట."

"మరి నాకు వచ్చే జవాబులు?"

"అవి ఆమెవే. ప్రశ్నలే నావి."

మర్యాదస్తుడు గనక చక్రధరరావు దీనికి కోపం తెచ్చుకోలేదు. పెన్ను తీసి, ఫారం మీద ఆమె పేరు రాశాడు.

ఫారంలో అడిగినవి పెద్ద కష్టమేం కావు, ఒకటి తప్ప. ఇద్దరు పెద్దమనుషుల మాట కావాలి, దొరుకుతారు. ఒక బాధితుడి కథ రాసి ఇవ్వాలి, కూర్చుంటే అవుతుంది. దంతెవాడలో ఇంటర్వ్యూ ఉంటుంది, జీపులున్నాయి. ఆ ఒకటి ఏమిటంటే, చేరదలచినవాళ్ళు తాము కూడా ఇరవై గంటలు ఇంకో థెరపిస్టు ముందు కూర్చుని తమ మనసు విప్పాలి. ఆ థెరపిస్టు గంట గంటకూ సంతకం పెట్టాలి.

ఉప్పలయ్య ఇది విని మంచంమీదే లేచి కూర్చున్నాడు. "డ్రామా కంపెనీల చేరుతున్నవా?"

"ట్రామా."

"ఏదైనా గానీ. ఇరవై గంటలు ఏం చెప్తవ్? నా మీద చెప్తవా?"

"నీ మీద పావుగంటకు మించి ఏమున్నది?"

తనతో కలిసి పనిచేసేవాళ్ళ దగ్గర మనసు విప్పరాదని రూలు. కాబట్టి చక్రధరరావు పనికిరాడు. చుట్టుపక్కల రిజిస్టర్‌లో పేరున్న మనిషి ఇంకొకరే. జగదల్‌పూర్‌లో ఉండే నందే మేడమ్. ఆమె వారానికో గంట ఫోన్లో వినడానికి ఒప్పుకున్నది, ఆదివారం పది గంటలకు.

ఫోనైతే ఉంది, సిగ్నలే లేదు. ఆ గని కాలనీ మొత్తంలో మాట తెగకుండా సిగ్నల్ అందేది ఒక్కచోటే, లారీలు తూకం వేసే ధర్మకాంటా దగ్గర. అక్కడ ఒక సిమెంటు దిమ్మె ఉండేది. దాని మీద నిలబడి, మొహం జగదల్‌పూర్ వైపు తిప్పి, గట్టిగా మాట్లాడితే అవతలికి వినబడుతుంది. దిమ్మెకు పదడుగుల దూరంలో బుధ్రాం చాయ్ కొట్టు. ఆదివారమైనా సరే తూకం కోసం లారీలు వరసలో నిలబడేవి. డ్రైవర్లకు పనేం లేదు. చాయ్ తాగడం, ఎవరేం మాట్లాడుతున్నారో వినడం.

మొదటి ఆదివారం దుర్గమ్మ దిమ్మె ఎక్కి, చెంగు నడుముకు దోపుకొని, మొదలుపెట్టింది. నందే మేడమ్ నెమ్మదస్తురాలు. హిందీలో అడిగింది. "చెప్పండి దీదీ. ఈ వారం ఎలా గడిచింది?"

"దుర్గమ్మకు ఈ వారం బాగలేదు" అరిచింది దుర్గమ్మ. "దుర్గమ్మ మొగుడు కూరల ఉప్పు ఎక్కువ ఏసిండు. దుర్గమ్మ మాట్లాడలే."

"దుర్గమ్మ అంటే మీరు తీసుకొచ్చిన పేషెంటా?"

"కాదు."

"ఆమె పక్కనే ఉందా? ఉంటే ఫోన్ ఆమెకివ్వండి."

"ఆమె చేతిలనే ఉన్నది మేడమ్."

బుధ్రాం చాయ్ వడగడుతూ ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ ఊరందరి తరఫునా 'నేను' అని అని, తన సంగతి వచ్చేసరికి దుర్గమ్మకు ఆ మాట నోటికి రాలేదు. ఎవరిదో వాడుకున్నట్టు అనిపించింది. ప్రయత్నించింది. 'నేను' అనగానే ఇర్మా మొగుడి కట్టె, డంపర్ డ్రైవర్‌కు కనబడే మంటలు గుర్తుకొచ్చేవి. అందుకని 'దుర్గమ్మ' అని చెప్పుకుంటూ పోయింది. నందే మేడమ్ కూడా తొందరపెట్టలేదు. "సరే, దుర్గమ్మ సంగతే చెప్పండి" అన్నది.

నాలుగు వారాలు తిరిగేసరికి ఆదివారం పది గంటలు అక్కడ పండగైపోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ వినేవాళ్ళే పైచేయి అయ్యారు. తూకం అయిపోయినా లారీలు కదిలేవి కావు. దుర్గమ్మ ఆడపడుచు దుర్గమ్మను ఏమన్నదో, ఉప్పలయ్య పెళ్ళినాడు ఎవరి చెప్పులు వేసుకొచ్చాడో, నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చే డ్రైవర్లకు కూడా తెలిసిపోయింది. "దీదీ, పోయిన వారం అత్త కోడిని ఎత్తుకుపోయింది. తర్వాత?" అని అడిగేవాళ్ళు. "అది మీకు కాదురా, మేడమ్‌కు" అనేది దుర్గమ్మ, చెప్పేది మాత్రం అందరికీ వినబడేటట్టే. బుధ్రాం రెండో పొయ్యి పెట్టాడు. ఉప్పలయ్య ఆదివారాలు ఆ దారిన నడవడం మానుకున్నాడు.

పదకొండో వారం నందే మేడమ్ మామూలుగానే అడిగింది. "దుర్గమ్మకు నీళ్ళంటే భయమని ఒకసారి అన్నారు. ఎందుకు?"

దుర్గమ్మ జోకు వేయబోయింది. తట్టలేదు. ఆ సమయానికి సరిపోయే జోకు ఒక్కటీ దొరక్కపోవడం ఆమెకే వింతగా తోచింది. చెప్పడం మొదలుపెట్టింది.

దుర్గమ్మకు పంతొమ్మిదేళ్ళప్పుడు తర్లగూడ నుంచి ఆడవాళ్ళంతా గోదారి దాటి తెలంగాణ వైపు మిరపకాయలు ఏరడానికి పోయేవాళ్ళు. అప్పుడు వంతెన లేదు. కూలికి బదులు మిరపకాయలే ఇచ్చేవారు. ఏరుడు ముగిసి తిరిగివస్తున్న రోజు పడవలో పద్నాలుగు మంది, అంతకంటే ఎక్కువ బస్తాలు. నడి పాయలో పడవ వాలింది. బస్తాలు పగిలి మిరపకాయలన్నీ నీళ్ళలో పడ్డాయి. పైన కొన్ని ఎర్రగా తేలాయి. ఘాటు కళ్ళలో పడి ఎవరికీ ఎవరూ కనబడలేదు. దుర్గమ్మకు ఒక బస్తా దొరికింది. ఎండుమిరప బస్తా బరువుండదు, తేలుతుంది. దాన్ని కావలించుకున్నది.

"అప్పుడు ఎవరో దుర్గమ్మ కాలు పట్టుకున్నరు" అన్నది. గొంతు తగ్గింది. డ్రైవర్లు నాలుగడుగులు దగ్గరకు జరిగారు. "బస్తా మునుగుతున్నది. దుర్గమ్మ తన్నింది. రెండుసార్లు తన్నింది. చెయ్యి ఊడింది. ఒడ్డుకు వచ్చినంక చూస్తే ముగ్గురు లేరు. సోమి లేదు. దుర్గమ్మ, సోమి ఒకే కంచంల తిన్నోళ్ళు."

"ఆ చెయ్యి సోమిదా?"

"తెల్వదు. కళ్ళు మండుతున్నయి, కనబడలే."

"తన్నింది ఎవరు దీదీ?"

"దుర్గమ్మ."

"దుర్గమ్మ ఎవరు?"

వెనకాల ఎవడో లారీవాడు హారన్ కొట్టాడు. పక్కవాళ్ళు వాడిని క్యాబిన్‌లోంచి చెయ్యి పట్టి కిందికి దించారు.

"నేను" అన్నది దుర్గమ్మ.

దిమ్మె మీద కూలబడింది. కూర్చుంటే సిగ్నల్ పోతుంది, పోయింది; అప్పటికి ఆ వారం గంట నిండింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని, అటువైపు ఎవరూ లేకపోయినా, "నేను తన్నిన, నేను తన్నిన" అని రెండుమూడుసార్లు అన్నది. తలపాగా ఉన్న ముసలి డ్రైవర్ ఒకాయన భుజం మీది తువ్వాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తువ్వాలు మొత్తం గ్రీసే. దానితోనే మొహం తుడుచుకొని నల్లటి మొహంతో ఇంటికి వెళ్ళింది. ఉప్పలయ్య తలుపు తీసి చూసి, నీళ్ళు కాచాడు.

ఇక కథ రాసే పని మిగిలింది. ఒక బాధితుడి సంగతి, పేరు మార్చి, నాలుగు పేజీలు. దుర్గమ్మ కూర్చుని, కేంద్రానికి వచ్చే హిడ్మే కథ మొదలుపెట్టింది. పేరు మార్చి సీత అని రాసింది. రాసింది తనే చదివి చూసుకున్నది. గని వ్యర్థాల చెరువులో గేదె పోయి, ఆ గేదెకోసం దిగిన కొడుకు కాలు పోయి, ఆరునెలలు అన్నం ముట్టని మనిషి ఈ జిల్లా మొత్తానికి హిడ్మే ఒక్కతే. సీత అని కాదు, ఇంగ్లాండు రాణి అని రాసినా హిడ్మే అని కోడిపిల్లకు కూడా తెలిసిపోతుంది. కాగితం చింపేసింది. పొజ్జా అనే డంపర్ డ్రైవర్ సంగతి మొదలుపెట్టింది. అదీ చింపింది. ఐదోది చింపాక చక్రధరరావు దగ్గరకు వెళ్ళింది.

"సారు, ఎవరిది రాసినా నాలిక కోసుకున్నట్టున్నది. నాదే రాస్త."

"మీదా? అందులో థెరపిస్టు మీరే కదండీ."

"మరి? ఊరంతకూ తెలిసినదే గదా. దాచేందుకు ఇంకేమున్నది? లారీలు దాన్ని వైజాగ్ దాక మోసుకుపోయినయి."

చక్రధరరావు తల పట్టుకున్నాడు గానీ వద్దనలేదు. దుర్గమ్మ మాత్రం వెంటనే రాయలేదు. ఆ కథ సగం సోమిది. సోమి లేదు కాబట్టి ఆ సగం సోమి తల్లి బుల్లమ్మది. రిజిస్టర్ వాళ్ళు ఆమె అనుమతి అడగలేదు. దుర్గమ్మ మనసు అడిగింది.

జీపులూ బస్సులూ మారి తర్లగూడ చేరేసరికి నడుం విరిగింది. బుల్లమ్మ ఇంటి ముందు ఇప్పపూలు ఎండబోస్తున్నది. డెబ్బై దాటిన మనిషి, చెవులు గట్టివే, నోరు అంతకంటే గట్టిది.

"ఎవరే? దుర్గా? లావైనవేందే?"

"పెద్దమ్మా, ఒక మాట చెప్పాలె."

"చెప్పు, చెప్తూ పూలు నెరుపు."

పూలు నెరుపుతూనే చెప్పింది. కాలు పట్టుకున్న చెయ్యి, తన్నిన రెండు తన్నులు, అన్నీ. ఇరవై నాలుగేళ్ళుగా ఈ వాకిట్లోకి వచ్చి, అన్నం తిని, చెప్పకుండా వెళ్ళిన సంగతి కూడా చెప్పింది. బుల్లమ్మ చెయ్యి ఆగలేదు.

"సోమికి ఈత వచ్చు. నీకు రాదు. ఈతొచ్చిన పిల్ల ఈత రానిదాని కాలు ఎందుకు పట్టుకుంటదే?"

"తెల్వదు పెద్దమ్మా."

"ఆ పడవల రామయ్యగాడు ఉన్నడు గదా, నా మరిది. వాడే పట్టుకొని ఉంటడు. వాడు బతికినన్నాళ్ళు ఎవరి కాలో పట్టుకొనే బతికిండు. సచ్చేనాడు డాక్టరు కాలు పట్టుకున్నడు."

దుర్గమ్మకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకునేలోపే వచ్చేసింది. బుల్లమ్మ కూడా నవ్వి, పూలలోంచి ఒక పుల్ల తీసి పారేసి, ఇంకో పుల్ల కోసం వెతికింది. చాలాసేపు వెతికింది.

"ఒకవేళ సోమిదే అయితే," అన్నది, తల ఎత్తకుండా, "నేనైనా తన్నేదాన్నే. నీళ్ళల్ల ఎవరికీ తల్లి ఉండదు, బిడ్డ ఉండదు. రాసుకో పో. సోమి పేరు మార్చకు. దాని పేరు రాసేటోళ్ళు ఇంకెవరూ లేరు."

ఆ మధ్యాహ్నం బుల్లమ్మ వండిపెట్టింది తిని, ఇద్దరూ అరుగుమీద కాసేపు నడుం వాల్చారు. బండి ఎక్కేటప్పుడు, "మళ్ళ వచ్చేటప్పుడు మోకాళ్ళ నూనె తే" అన్నది బుల్లమ్మ.

మార్చి మూడోవారంలో దంతెవాడలో ఇంటర్వ్యూ. దుర్గమ్మ ముందుగా దంతేశ్వరి గుడికి పోయి దండం పెట్టుకున్నది. గట్టెక్కిస్తే కొబ్బరికాయ కొడతానని, గట్టెక్కించకపోతే ఈ గడప తొక్కేది లేదని కూడా అమ్మవారికి విడమర్చి చెప్పింది.

అతిథిగృహం హాల్లో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఒక పెద్దాయన, నల్ల కళ్ళద్దాలతో. ఒక పక్క ఫైలు పట్టుకున్న మేడమ్. ఇంకో పక్క లాప్‌టాప్‌లోంచి తల ఎత్తని కుర్ర నిపుణుడు.

మొదట నాటకం. పెద్దాయన బస్సు ప్రమాదంలో బతికిన మనిషిలా నటిస్తాడు, దుర్గమ్మ మాట్లాడించాలి. ఆయన వెంటనే రొమ్ము బాదుకొని ఏడవడం మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దుర్గమ్మ ముందుకు వంగింది.

"సార్, ఈ బస్సు ఏడుపు దొంగ ఏడుపు. కానీ మీ కళ్ళు అబద్ధం ఆడతలేవు. మీరు నిద్రపోయి ఎన్నాళ్ళయింది? ఇంట్ల ఎవరు పోయిండ్రు?"

పెద్దాయన ఏడుపు ఆపాడు. "కళ్ళకలకమ్మా. మా మనవడి నుంచి అంటుకుంది."

కుర్ర నిపుణుడు మొదటిసారి తల ఎత్తి, ఏదో టైపు కొట్టి, మళ్ళీ దించుకున్నాడు. దుర్గమ్మ కుర్చీ నాలుగంగుళాలు వెనక్కి జరుపుకొని, "అయితే చెయ్యి కలపను సార్" అన్నది. పని చెడిందని ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక భయం పోయింది.

మేడమ్ ఫైలు తెరిచింది. "మీ కేసు రిపోర్టులో క్లయింటు పేరు దుర్గమ్మ. పేరు మార్చాలని రాశాం కదా?"

"ఆమెకు అభ్యంతరం లేదు మేడమ్. అడిగిన."

"సమ్మతి పత్రం?"

"వెనక పేజీల ఉన్నది."

మేడమ్ వెనక పేజీ చూసింది, ముందు పేజీ చూసింది. "క్లయింటు సంతకం, థెరపిస్టు సంతకం ఒకేలా ఉన్నాయి."

"చెయ్యి ఒక్కటే గదా."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టారు. రూళ్ళ పుస్తకం తెప్పించారు. థెరపిస్టు తన బంధువులకు వైద్యం చేయరాదు, స్నేహితులకు చేయరాదు, పై అధికారికి, ఇరుగుపొరుగుకు చేయరాదు. తనకు తాను చేసుకోరాదని ఎక్కడా లేదు. రాసినవాళ్ళకు ఆ ఆలోచనే వచ్చినట్టు లేదు. కుర్ర నిపుణుడు లాప్‌టాప్‌లో కూడా వెతికి లేదన్నాడు. పెద్దాయన కళ్ళు నలుపుకున్నాడు. నలుపుకోవద్దని దుర్గమ్మ గదిమింది.

మేడమ్ మాత్రం ఆ నాలుగు పేజీలూ ఇంకోసారి చదివింది. సోమి పేరు ఉన్న చోట వేలు ఆగడం దుర్గమ్మ చూసింది.

"ఈ క్లయింటుకు నయమైందా?" అడిగింది మేడమ్.

"సగం. పడవ కలలకు వస్తనే ఉన్నది. ఇదివరకు లేచి ఎవరికీ చెప్పేది కాదు. ఇప్పుడు మొగుణ్ణి లేపి చెప్తది. ఆయనకే నిద్ర చెడింది."

"క్లయింటు మాట్లాడటం మానేస్తే మీరేం చేస్తారు?"

"నేనూ మాట్లాడ."

"ఎంతసేపు?"

"ఒకామె కాడ మూడు వారాలు."

"మూడు వారాలు ఊరికే కూర్చున్నారా?"

"ఊరికెందుకు మేడమ్? ఆమె తెచ్చిన చింతపండుకు గింజలు తీసినం. నాలుగో వారం ఆమెనే చెప్పింది."

"ఏం చెప్పింది?"

"అది మీకు చెప్ప" అన్నది దుర్గమ్మ.

మేడమ్ ఫైలు మూసింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. బయటికి వచ్చి దుర్గమ్మ రెండు సమోసాలు తిని, కొబ్బరికాయ కొట్టాలో వద్దో తేలక అలాగే జీపు ఎక్కింది.

మార్చి ముప్పైన ఉత్తరం వచ్చింది. చేర్చుకున్నారు. ఒక షరతుతో. పద్నాలుగో ఆదివారం లైను నలభై ఒక్క నిమిషాలకే తెగిపోయిందని నందే మేడమ్ నిజాయితీగా రాసినందువల్ల, ఆమె విప్పవలసిన మనసు ఇంకా పంతొమ్మిది నిమిషాలు బాకీ. నెలలోపు పూర్తిచేయాలి. దుర్గమ్మ ఆ ఆదివారమే పూర్తిచేసింది. పంతొమ్మిది నిమిషాలూ ఆ ముగ్గురినీ తిట్టింది, ముఖ్యంగా కళ్ళకలక పెట్టుకొని పదిమందిలోకి వచ్చినందుకు. తిట్టినంతసేపూ 'నేను' అనే తిట్టింది. నందే మేడమ్ నవ్వుతూనే సంతకం పెట్టింది.

ఏప్రిల్ ఒకటిన రెండో గది దుర్గమ్మకు ఇచ్చారు. బల్ల, రెండు కుర్చీలు, పిల్లి. మొదట వచ్చినవాడు పొజ్జా. డంపర్ లోయలోకి జారుతుంటే దూకి బతికినవాడు, పక్క సీట్లోవాణ్ణి దూకించలేకపోయినవాడు. ఐదునెలలుగా చక్రధరరావు ముందు కూర్చుని "బాగానే ఉన్న" తప్ప ఇంకో ముక్క అనలేదు. గుమ్మంలో నిలబడి గది చూశాడు. చెప్పులు విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు.

"సారు లేడా?" అడిగాడు గోండీలో.

"పక్కగదిల ఉన్నడు. పిలవాలా?"

"వద్దు."

కూర్చున్నాడు. దుర్గమ్మ ఏమీ అడగలేదు. సగం పూట వాడు పిల్లిని చూశాడు, పిల్లి వాణ్ణి చూసింది. తర్వాత నోరు తెరిచాడు. ఒకసారి తెరిచాక ఆగలేదు. ఏడుస్తూ, ముక్కు చీదుతూ, మధ్యలో ఎవరినో బండబూతులు తిడుతూ చెప్పుకుంటూ పోయాడు. గోడ అవతల చక్రధరరావుకు ఆ గొంతు వినబడింది. ఐదునెలలుగా ఆయన ఎదురుచూసిన గొంతు అది. ఒక్క ముక్క అర్థం కాదు. పాపం ఉండబట్టలేక వచ్చి తలుపు కొద్దిగా తెరిచాడు.

"దుర్గమ్మగారూ, ఏమంటున్నాడండీ?"

దుర్గమ్మ కుర్చీలోంచి లేవకుండానే కాలితో తలుపు మెల్లగా ముందుకు తోసింది.

"చెప్పకూడదు సారు. రూలు."